పదకొండు గదులు, ఒక వరండా

నేను పదకొండు గదుల బంగళాలో పుట్టి పెరిగాను. పడుకున్నది మాత్రం వరండాలో.

ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్ళు నన్ను చూసి జాలిపడాలో కుళ్ళుకోవాలో తెలియక ఇబ్బంది పడతారు. వాళ్ళ ఇబ్బంది తీర్చడానికి ముందు బంగళా సంగతి చెబుతాను.

టెక్కలి నుంచి సముద్రం వైపు వస్తే, ఉప్పు మడులు దాటాక, జీడితోటల మధ్య ఒక ఇసుక దిబ్బ మీద ఉంటుంది. ఉప్పు వ్యవహారం చూడటానికి వచ్చిన ఇంగ్లీషు దొర ఒకాయన కట్టించుకున్నాడు. వాళ్ళ దేశంలో గొప్పవాళ్ళ ఇళ్ళు ఎలా ఉంటాయో తనకూ అలాగే కావాలన్నాడట. అందుకని మూడడుగుల మందం గోడలు, తల ఎత్తి చూస్తే మెడ నొప్పెట్టే పైకప్పు, పన్నెండు మంది కూర్చునే భోజనాల బల్ల, గోడకి ఒక కొమ్ము రాలిపోయిన దుప్పి తల, టోపీ పెట్టుకుని మమ్మల్ని చూసి మూతి ముడుచుకున్న దొరసాని పటం. హాల్లో చలిమంట వేసుకునే గూడు కూడా ఉంది, పైన పొగగొట్టంతో సహా. మా ఉద్దానం ప్రాంతంలో నడి చలికాలంలో కూడా మాకు భుజం మీద తువ్వాలు ఉంటే చాలు. దొర మాత్రం జనవరి రాగానే సరుగుడు కట్టెలు వేయించుకుని, చెమటకి చొక్కా తడిసిపోతున్నా ఆ మంట ముందే కూర్చునేవాడట. ఆ దొరని మా తాత చూడలేదు. తాతకి చెప్పినవాళ్ళూ చూసి ఉండరు. అయినా సొంతూరి మీద బెంగ పెట్టుకున్న మనిషి ఎంత పనైనా చేస్తాడు కనక నేనీ కథని నమ్ముతాను.

దొరలు పోయాక బంగళా ఒక ప్రభుత్వ డిపార్టుమెంటు చేతికి వచ్చి, టూర్లకి వచ్చే ఆఫీసర్లు దిగే గెస్ట్‌హౌస్ అయింది. మా తాత దానికి వాచ్‌మన్. ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో నెలకి ఒకరైనా వచ్చేవారట. తర్వాత ఏడాదికి ఒకరు. చివరిసారి ఒకాయన వచ్చినప్పుడు నా వయసు రెండు నెలలు, కాబట్టి నేను సాక్ష్యం చెప్పలేను. ఆ తర్వాత ఎవరూ రాలేదు. టెక్కలిలో లాడ్జీలు వచ్చాయి, లాడ్జీల్లో ఏసీలు వచ్చాయి. మా దగ్గర దుప్పి తల ఉంది.

ఎవరూ రాకపోయినా, వచ్చేవాళ్ళ కోసం బంగళా సిద్ధంగా ఉండాలి. ఇది తాత సిద్ధాంతం. ప్రతి శనివారం పొద్దున్నే తాళాల గుత్తి తీసేవాడు. పదకొండు గదులూ ఒక వరసలో తెరవాలి, మళ్ళీ అదే వరసలో మూయాలి. నాన్నమ్మ నేల తుడిచేది. అమ్మ బల్లలూ కుర్చీలూ తుడిచేది. తాత స్వయంగా దొర పడకగదిలో మంచం మీద దుప్పటి దులిపి, మడతలు లేకుండా పరిచి, దోమతెర నాలుగు మూలలా కట్టి, వెంటనే విప్పి, మడిచి పెట్టేవాడు. కట్టడం ఎందుకు, విప్పడం ఎందుకు అని ఒకసారి అడిగాను.

"కట్టి సూడకపోతే సిరిగిందో నేదో ఎలగ తెలుత్తాది?" అన్నాడు.

చిరగడానికి దాన్ని వాడేవాళ్ళెవరని నేను అడగలేదు. అడిగి ఉంటే దానికీ జవాబు ఉండేది.

మేం ఐదుగురం. తాత, నాన్నమ్మ, పలాసలో జీడిపిక్కల ఫ్యాక్టరీకి పనికెళ్ళే నాన్న, అమ్మ, నేను. మా కాపురమంతా వెనక వరండాలో. మూడు నులక మంచాలు, ఒక ట్రంకుపెట్టె, వాన జల్లు కొట్టకుండా తాటాకు తడికలు. వంటిల్లు బంగళాకి తూర్పున అరవై అడుగుల దూరంలో ఉండేది. దొరలకి వంట వాసన పడదని దూరంగా కట్టారట. అమ్మ పెళ్ళయి వచ్చిన రోజు నుంచీ అన్నం గిన్నె నెత్తిన పెట్టుకుని, కూరగిన్నె చంకలో పెట్టుకుని ఆ అరవై అడుగులూ నడిచింది. దొరలైతే వెళ్ళిపోయారు గాని, వాళ్ళ ముక్కులు మాత్రం మా దగ్గరే ఉండిపోయాయి. నాన్నమ్మది బీచి పక్క ఊరు. ఎండు నెత్తళ్ళు లేకపోతే ఆమెకి ముద్ద దిగదు. తాత వాటిని వేపుకోవడానికి అనుమతించింది పడమటి గాలి వీచినప్పుడే. అప్పుడైతే వాసన సముద్రం మీదకి పోతుంది, గదుల్లోకి రాదు. పెరట్లో నిలబడి చీరకొంగు గాలిలోకి ఎత్తి చూసి, "ఈయాల పడమర" అని నాన్నమ్మ సంబరంగా కేకేస్తే మా ఇంట్లో ఎండు చేపలు. లేకపోతే పప్పు.

తాతతో ఎవరు వాదించినా ఆయన దగ్గర ఒకటే మాట. "మనం కావిలికున్నాం గాని కాపరానికి నేదు."

ఐదో తరగతిలో 'మా ఇల్లు' అని వ్యాసం రాయమన్నారు. నేను ఉన్నదున్నట్టు రాశాను. పదకొండు గదులు, పన్నెండు కుర్చీలు, దుప్పి తల. మాస్టారు అబద్ధాలు రాశావని అరచేతి మీద రెండు వేసి, ఆ తర్వాత మనిషి మంచివాడు కనక అనుమానం వచ్చి, ఒక సాయంత్రం చూడటానికి వచ్చాడు. బంగళా చూసి నోరు తెరిచాడు. వరండా మెట్టు మీద కూర్చుని గంజన్నం తింటున్న నన్ను చూసి నోరు మూశాడు. మర్నాడు క్లాసులో నాకు పదికి పది వేశాడు. పిల్లలు 'దొరసాని' అని పేరు పెట్టారు. ఆ పేరు పదో తరగతి దాకా పోలేదు, నిజం చెప్పాలంటే ఇప్పటికీ టెక్కలి బస్సులో ఎవరో ఒకరు పిలుస్తారు.

తొమ్మిదో ఏట నేనొక నేరం చేశాను. శనివారం తుడవడాలు అవుతుంటే దొర మంచం ఎక్కి పడుకున్నాను. ఊరికే ఒక్క నిమిషమే అనుకున్నాను. ఆ పరుపు నన్ను మింగేసింది. లేచేసరికి తాత తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. కొడతాడనుకున్నాను. కొట్టలేదు. నన్ను ఎత్తి కింద దించి, దుప్పటి తీసి, బావి దగ్గరికి తీసుకెళ్ళి సబ్బు పెట్టి ఉతికి, ఆరేసి, సాయంత్రం మళ్ళీ పరిచాడు. నేను పడుకున్న బట్ట మైలపడినట్టు ఉతికాడని నాకు అర్థమైంది. కొట్టినా బాగుండేది. ఆ రోజు తాత మీద పుట్టిన కోపం నాతో పాటే పెరిగింది. మేం గదులు వాడుకుంటున్నామని తెలిస్తే ఉద్యోగం పోతుందని తాత భయపడ్డాడని పెద్దయ్యాక తెలుసుకున్నాను, అయినా కోపం పూర్తిగా పోలేదు. పోవాల్సిన అవసరం ఉందని కూడా నేననుకోను.

తాత రిటైరైన రోజున తాళాల గుత్తి అప్పజెబుదామని టెక్కలి ఆఫీసుకి వెళ్ళాడు, నన్ను కూడా వెంటబెట్టుకుని. ఆఫీసు అక్కడ లేదు. వేరే భవనంలోకి మారింది. అక్కడ ఒక గుమాస్తా మా బంగళా పేరెప్పుడూ వినలేదన్నాడు. తాత గుత్తి ఆయన బల్ల మీద పెట్టాడు. ఆయన దాన్ని ఒక వేలితో తాత వైపు తోశాడు.

"మీ దగ్గరే ఉంచండి తాతా. ఎవరో ఒకరు వస్తారు. అప్పుడివ్వండి."

వదిలించుకోవడానికి అన్న మాట అది. ఆరో తరగతి చదువుతున్న నాకు కూడా తెలిసింది. తాత మాత్రం దాన్ని ఉత్తర్వుగా తీసుకున్నాడు. బస్సులో తిరిగొస్తూ గుత్తిని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు, టిక్కెట్టు తియ్యడానికి కూడా చెయ్యి వదల్లేదు. ఆ రోజు నుంచి జీతం లేని కాపలా మొదలైంది. మాకు తేడా ఏమీ తెలియలేదు, శనివారాలు శనివారాల్లాగే ఉన్నాయి.

నేను డిగ్రీ చదివి, టెక్కలిలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేరాను. ఆ పెద్ద తుపాను అప్పుడే వచ్చింది. ఉద్దానంలో కొబ్బరిచెట్లు వరసలు వరసలుగా పడుకున్న తుపాను. ఊరు ఊరంతా బడిలో దూరింది. మేం దిబ్బ మీద చిక్కుకుపోయాం. మొదట తడికలు పోయాయి, తర్వాత వరండా పెంకులు ఒక్కొక్కటే లేచిపోతున్నాయి. నాన్న తలుపు మీద గుద్ది, "నాన్నా, తాళం తియ్యి" అని అరిచాడు. తాత ఒక నిమిషం ఆలోచించాడు. ఆ నిమిషంలో ఎగిరిన పెంకు ఒకటి నాన్న చెవి పక్క నుంచి పోయింది. అప్పుడు తీశాడు.

హాల్లోకి వచ్చాం. తడిసి ముద్దయిపోయాం. నాన్నమ్మ భోజనాల బల్ల దగ్గర కుర్చీ లాగబోయింది.

"తడి బట్టల్తో కుర్సీ మీద కూకోకు" అన్నాడు తాత.

ఆ తుపానంతా నిలబడే గడిపాం. పన్నెండు కుర్చీల చుట్టూ ఐదుగురం. గాలి తగ్గాక తాత నేల తుడిచి, తాళం వేసి, పెంకులు ఏరుకోవడానికి వెళ్ళాడు. ఆ రోజు మేం ఎంత కోపంగా ఉన్నా, ఆ మనిషిని చూస్తే నవ్వు కూడా వచ్చింది. అమ్మ మాత్రం నవ్వలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను.

మా ఊళ్ళల్లో బస్టాపు దగ్గర కలిసిన ఇద్దరు ముసలివాళ్ళు మొదట మాట్లాడుకునేది వానల గురించి కాదు. "నీకెంతొచ్చింది?" అంటాడు ఒకడు. "మూడు దాటింది. నీకో?" "నాకైదు." ఐదు వచ్చినవాడు మూడు వచ్చినవాడితో కాస్త పెద్దరికంగా మాట్లాడతాడు. ఇవి రక్తపరీక్షలో కిడ్నీలకి వచ్చే మార్కులు. ఎక్కువ వస్తే పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకోవాలి. తుపాను అయిన రెండేళ్ళకి నాన్నమ్మకి ఏడు వచ్చింది. తన పుట్టింటి వీధిలో ఎవరికీ ఏడు రాలేదని ఆమె కాసేపు గొప్పగా చెప్పుకుంది. తర్వాత మంచం మీద అటు తిరిగి పడుకుంది.

వారానికి మూడు రోజులు ఆటోలో పలాస. ఆరు నెలలు అలా గడిచాయి. చేతిలో నరానికి ఆపరేషన్ చేసి సూదికి దారి చేశారు. అది మూసుకుపోయింది. రెండోసారి చేశారు. అదీ మూసుకుపోయింది. అప్పుడు డాక్టరు ఇంకో దారి చెప్పాడు. పొట్టలోకి సన్నని గొట్టం ఒకటి అమరుస్తారు. రోజుకి నాలుగుసార్లు, సంచీలో ఉన్న మందునీళ్ళు ఆ గొట్టంలోంచి లోపలికి ఎక్కించాలి. అవి కొన్ని గంటలు పొట్టలో ఉండి, రక్తంలో చెత్తని లాగుతాయి. వాటిని తీసేసి మళ్ళీ కొత్తవి ఎక్కించాలి. ఇదంతా ఇంట్లోనే చేసుకోవచ్చు. కాకపోతే ఆ గొట్టానికి మురికి చెయ్యి తగిలినా, ఎక్కించే వేళ దుమ్ము పడినా, పొట్టలో చీము పడుతుంది. నాన్నమ్మ వయసులో అది పడితే లేవడం కష్టం. అందుకని మూసుకునే తలుపులూ కిటికీలూ ఉన్న శుభ్రమైన గది ఒకటి ఉండాలి. అది లేకపోతే ఈ దారి కూడా లేదు, దీని తర్వాత ఇంకే దారీ లేదు. డాక్టరు ఇవన్నీ మెల్లగా చెప్పాడు. నాన్న తల ఊపుతూ విన్నాడు.

గది చూడటానికి ఆస్పత్రి నుంచి ఒక నర్సు వచ్చింది. నా వయసు పిల్లే. వెనక వరండా చూసింది. తడికలు, మంచాలు, ఒక మూల జీడిపిక్కల బస్తా, ఆ బస్తా మీద కోడిపెట్ట.

"ఇక్కడ కుదరదండీ" అంది.

తర్వాత తిరిగి వెళ్తూ కిటికీ చెక్కల సందులోంచి లోపలికి చూసి ఆగిపోయింది. అద్దంలా మెరిసే నేల, ముడత లేని దుప్పటి.

"తాతా, ఈ గదులెవరివి?"

"దొరలవి."

"వాళ్ళెక్కడున్నారు?"

"ఒత్తారు."

"ఎప్పుడు?"

"ఎప్పుడొత్తే అప్పుడు."

ఆ పిల్ల నా వైపు చూసింది. నేను బస్తా మీది కోడిపెట్టని అదిలించాను.

మూడు రోజులు మా ఇంట్లో ఇదే గొడవ. విచిత్రం ఏమిటంటే, తాత కంటే ముందు అడ్డం తిరిగింది నాన్నమ్మే. "ఓలమ్మో, ఆ మంచం మీద నాను పడుకోడమా! నాకు నిద్దరట్టదు. సచ్చినా ఎక్కను" అంది. నలభై ఏళ్ళు ఆ నేల తుడిచింది కదా, దాని మీద కాలు చాపుకోవాలంటే భయం. సచ్చినా అన్న మాటకి అర్థం ఇప్పుడు మారిపోయిందని ఆమెకి ఎవరు చెబుతారు? నాకు ఏడుపొచ్చింది. పెరట్లోకి పోయి ఏడ్చాను.

మూడో రోజు సాయంత్రం అమ్మ వంటింటి నుంచి అన్నం గిన్నె నెత్తిన పెట్టుకుని వస్తూ, వరండా మెట్ల దగ్గర ఆగింది. గిన్నె దించలేదు. పెళ్ళయినప్పటి నుంచి మామగారి ముందు గొంతు ఎత్తని మనిషి, గిన్నె నెత్తిన ఉండగానే అడిగింది.

"మావా, ఇన్నేళ్ళూ నీకెదురు సెప్పనేదు. అత్త సచ్చిపోయినాక ఆ గదులు ఎవుల కోసం తుడుత్తావు?"

తాత తాళాల గుత్తి తీసి చేతిలో పట్టుకుని, భోజనం అయ్యేదాకా అలాగే కూర్చున్నాడు.

మర్నాడు నర్సు మళ్ళీ వచ్చింది. తాత ముందుగా బూట్లగది చూపించాడు. దొరలు బూట్లు విప్పుకునే గది, మా తడికల మూల కంటే చిన్నది. కిటికీ లేదు, కుదరదంది. సామానుగది చూపించాడు. నీళ్ళ కుళాయి దూరం, కుదరదంది. ఒక్కో గదీ తీసి చూపించాడు, చిన్నదాని నుంచి పెద్దదానికి. ఆ పిల్ల గోడలు తాకి చూసి, కిటికీలు మూసి తీసి చూసి, అచ్చం ఆఫీసరులాగా ఒక్కోటీ వద్దంది. చివరికి మిగిలింది దొర పడకగది. పక్కనే కుళాయి, రెండు కిటికీలు, పైన ఒకప్పుడు పంకా వేలాడిన ఇనప కొక్కెం.

"ఇది చాలా బాగుంది తాతా. ఆ కొక్కేనికి తాడు కట్టి సంచీ తగిలించుకోవచ్చు."

తాత తల ఎత్తి కొక్కెం వైపు చూశాడు. "ఎన్నాళ్ళకి?" అని అడిగాడు. ఆఫీసర్లని అలాగే అడిగేవాడట, వంటకి సామాను తెప్పించడానికి.

"మామ్మ ఉన్నన్నాళ్ళూ" అంది నర్సు.

తాత మంచం మీద దుప్పటి దులిపి, మడతలు లేకుండా పరిచాడు. నాన్నమ్మ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, మంచం ఎక్కించాడు. ఆమె అంచు మీద కూర్చుంది, బస్సులో టిక్కెట్టు తియ్యనిదానిలా.

నీళ్ళు ఎక్కించడం ఎలాగో నర్సు నాకూ నాన్నకీ నేర్పించింది. తలుపులు మూయాలి. ఫ్యాను ఆపాలి. మాస్కు కట్టాలి. మోచేతుల దాకా సబ్బుతో కడగాలి. సంచీ తారీఖు చూడాలి. మూత తీసేటప్పుడు గొట్టం కొస దేనికీ తగలకూడదు. వరస తప్పకూడదు. మేమిద్దరం రెండు రోజులకే తప్పులు చేశాం. తాత గుమ్మం బయట నిలబడి చూస్తున్నాడు. మూడో రోజు తనే చేస్తానన్నాడు. చేశాడు. వరసలో, ఒక్క పని అటూ ఇటూ కాకుండా. నర్సు చూసి, "తాతా, ఆస్పత్రిలో మేం కూడా ఇంత బాగా చెయ్యం" అంది. ఎన్నాళ్ళైనా ఒకే పనిని ఒకేలా చెయ్యడంలో మా తాతని మించినవాడు లేడు. మా బతుకుల్ని వరండాలో పెట్టింది ఆ గుణమే. ఇప్పుడు నాన్నమ్మని బతికిస్తున్నదీ అదే. నాకు ఏ కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

పొద్దున్న ఆరు, పదకొండు, సాయంత్రం నాలుగు, రాత్రి తొమ్మిది. తలుపు తట్టి వెళ్ళేవాడు.

"నీ గదికి నువ్వు తలుపు కొట్టడవేటి మావా?" అనేది నాన్నమ్మ.

"గది నాది కాదు. ఉన్నోల్లది."

ఉన్నవాళ్ళని సరిగ్గా చూసుకోవాలి కదా. దోమతెర రోజూ కట్టేవాడు, ఇప్పుడు విప్పడం లేదు. నాన్నమ్మ మెల్లమెల్లగా మంచం అంచు నుంచి మధ్యకి జరిగింది. తర్వాత దిండ్లు రెండు కావాలంది. తర్వాత దొరసాని పటం తన వైపు చూస్తోందని, గోడ వైపు తిప్పమంది. తిప్పాడు. ఒకరోజు మధ్యాహ్నం నెత్తళ్ళు గుర్తొచ్చాయంది. డాక్టరు ఉప్పు వద్దన్నాడు, తినడానికి కుదరదు. కనీసం వాసనైనా వస్తే బాగుణ్ణంది. అమ్మ గాలి చూడటానికి కొంగు ఎత్తబోతే తాత వరండా నుంచి కేకేశాడు.

"గాలెటున్నా సరే. ఏపెయ్యి."

ఆ రోజు బంగళా పదకొండు గదులూ ఎండు నెత్తళ్ళ వాసన వేశాయి. నాన్నమ్మ కళ్ళు మూసుకుని ఉప్పు లేని అన్నం మొత్తం తినేసింది.

ఈలోగా మూలపేట పోర్టు పనులు ఊపందుకున్నాయి. మా దారిలో లారీలు, దుమ్ము, హెల్మెట్లు. బయటి ఊళ్ళ నుంచి వచ్చిన ఇంజినీర్లకి టెక్కలిలో గదులు దొరకడం లేదని చెప్పుకునేవారు. ఎవరో ఎక్కడో పాత కాగితాలు తిరగేసి ఉంటారు. దసరా సెలవుల్లో ఒక సాయంత్రం, నేను ముందు వరండాలో కూర్చుని జవాబుపత్రాలు దిద్దుతుంటే, తెల్లకారు ఒకటి దిబ్బ ఎక్కి వచ్చి ఆగింది. టైము నాలుగుంపావు. తాత అప్పుడే గొట్టం కలిపి, నీళ్ళు దిగడానికి వదిలి బయటికి వచ్చాడు. దిగడానికి అరగంట పడుతుంది. ఆ అరగంటా ఎవరూ తలుపు తీసి దుమ్ము లేపకుండా తాత ముఖద్వారానికి అడ్డంగా నిలబడతాడు. మొహానికి మాస్కు అలాగే ఉంది.

కారులోంచి ఒక ఆఫీసరు దిగాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫైలు. తాత ఒళ్ళంతా నిటారైంది. సెల్యూట్ కొట్టాడు. నా జీవితంలో నేను చూసిన మొదటి సెల్యూట్ అది, ఆ మనిషి చేతిలో అదింకా ఉందని నాకు తెలియదు.

"వాచ్‌మన్‌వి నువ్వేనా?"

"నానే సార్."

"ఇది మాదే. గదులు చూడాలి. తలుపు తియ్యి."

తాత కదల్లేదు.

"ఇప్పుడు కుదరదు సార్. కాళీ నేదు."

"ఖాళీ లేకపోవడం ఏమిటి? పదకొండు గదులని రాసుంది."

"పదకొండూ ఉన్నాయి సార్. ఒక గదిలో మనిసుంది. ఏ తలుపు తీసినా దుమ్మెల్లి ఆ గదిలో పడతాది."

"ఎవరా మనిషి? ఎవరి పర్మిషన్ తీసుకున్నారు?"

"నా ఆడమనిసి సార్. పర్మిసన్ నాదే." అన్నాడు తాత. "అరగంట ఆగండి సార్. మొత్తం నానే సూపిత్తాను."

నేను లేచి, డాక్టరు చెప్పిందంతా గబగబా చెప్పాను. ఆ ఆఫీసరు చెడ్డవాడేమీ కాదు. మొత్తం విన్నాడు, గడియారం చూసుకున్నాడు. కొబ్బరిబొండం కొట్టిస్తానంటే వద్దన్నాడు. కాగితం పంపిస్తామని, అది రాగానే ఖాళీ చెయ్యాల్సి ఉంటుందని చెప్పాడు. "అలాగే సార్" అన్నాడు తాత. కారు దిబ్బ దిగి పోయింది.

కాగితం నిజంగానే వచ్చింది, పద్నాలుగు నెలలకి. అప్పటికి ఆ గదితో మాకు పని లేదు. నాన్నమ్మ ఆ మంచం మీద రెండేళ్ళ మూడు నెలలు ఉంది. గుండె ఆగి, నిద్రలో పోయింది. పొట్టలో ఒక్కసారి కూడా చీము పట్టలేదు, డాక్టరు ఆశ్చర్యపోయాడు. మేం ఖాళీ చేసి టెక్కలిలో రెండు గదుల అద్దె ఇంటికి వచ్చేశాం. బంగళాలో ఇప్పుడు ఇంజినీర్లు ఉంటున్నారు. శనివారాలు ఎవరు తుడుస్తున్నారో తెలియదు. తాత అడగడు.

కానీ నాకు ఆ కారు వెళ్ళిపోయిన సాయంత్రమే ఎక్కువ గుర్తు. తాత ముఖద్వారానికి వీపు ఆనించి నిలబడి ఉన్నాడు. మాస్కు పైన కళ్ళ నిండా నీళ్ళు. నేను పుట్టినప్పటి నుంచీ ఆయన ఎదురు చూసిన మనిషి వచ్చాడు, తలుపు దాకా వచ్చాడు, ఆయనే వెనక్కి పంపేశాడు. ఆ ముసలాయన మీద నాకు అంత ప్రేమ ఆ రోజే పుట్టింది. వెళ్ళి పట్టుకుందామనుకున్నాను. ఆయన చేతులు కడుక్కుని ఉన్నాడు, ముట్టుకోకూడదు. పక్కన నిలబడ్డాను.

మూసి ఉన్న కిటికీ చెక్కల వెనక నుంచి నాన్నమ్మ పిలిచింది.

"మావా, ఏటో బండి సప్పుడైంది. ఎవులొచ్చినారు?"

తాత కిటికీ వైపు తిరిగాడు.

"ఎవులూ రానేదే. కదలకు, ఇంకా పది నిమసాలుంది."